లాంకాస్టర్ బాంబర్లలో 30 ట్రిప్పులు: బతికినవాళ్లను కాపాడింది అనుభవమా, అదృష్టమా?

నిద్రపట్టనివాడు:
అందరికీ నమస్తే. కొన్నాళ్లుగా రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ కమాండ్ (జర్మనీ మీద బాంబులు వేసిన వాయుసేన విభాగం) గురించి చదువుతున్నాను. ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. విమానాల్లో ఎగిరిన సిబ్బంది దాదాపు 1,25,000 మంది. వాళ్లలో 55,573 మంది చనిపోయారు. అంటే నూటికి 44 మంది. గాయపడ్డవాళ్లు, ఖైదీలుగా చిక్కినవాళ్లు వేరే. అందరూ కోరి చేరినవాళ్లే, సగటు వయసు 22 చుట్టుపక్కల.

30 దాడులు చేస్తే ఒక టూర్ అయినట్టు. ఆ తర్వాత కొన్ని నెలలు కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే పని, మళ్లీ పిలిస్తే ఇంకో 20. నా సందేహం ఇది: ఐదారు ట్రిప్పులు గట్టెక్కితే చెయ్యి తిరుగుతుంది కదా, ఆ తర్వాత ప్రమాదం తగ్గాలి కదా? తగ్గిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు:
ముందు అనుభవాన్ని పక్కనపెట్టి లెక్క చూద్దాం. ఒక్కో రాత్రి నూటికి 4 విమానాలు పోతున్నాయనుకోండి. వినడానికి చిన్న అంకెలానే ఉంటుంది. కానీ 0.96ని 30 సార్లు హెచ్చవేస్తే 0.29 వస్తుంది. టూర్ పూర్తిచేసేది నూటికి 29 మందే. 17వ ట్రిప్పుకే సగం మంది ఉండరు. నష్టం నూటికి 5 అయితే మిగిలేది 21 మంది. 1943-44 చలికాలంలో బెర్లిన్ మీద వరుసగా దాడులు చేసినప్పుడు నష్టం ఆ 5 చుట్టూనే తిరిగింది.

ఇంకో సంగతి. 29 ట్రిప్పులు బతికినవాడికి ముప్పయ్యో రాత్రి కూడా అదే 4 శాతం. "ఇన్నిసార్లు తప్పించుకున్నాను కాబట్టి" అనే మాటకి లెక్కలో చోటు లేదు. అనుభవం ఆ 4ని 3 చేసిందా, 2 చేసిందా అన్నదే మీ ప్రశ్న. దాని జవాబు కూడా ఉంది, తీరిగ్గా రాస్తాను.

మానేరు:
గంత రిస్క్ అని తెల్సి కూడా ఎట్ల పోయిన్రన్నా వాళ్లు? ఇంకోటి అడుగుత, ఏమనుకోకున్రి. పగటిపూట పోతె దిక్కన్న కనిపిస్తది కద. చీకట్ల పోయి ఏం జూసి బాంబులేసిన్రు?

పాత ఎయిర్‌మన్:
మానేరు తమ్ముడూ, మంచి ప్రశ్నే. మొదట్లో పగలే వెళ్లారు. దానికీ మన హైదరాబాదుకీ ఒక సంబంధం ఉంది.

1939 సెప్టెంబర్ 4, యుద్ధం ప్రకటించిన మర్నాడు. జర్మన్ నౌకల మీద దాడికి వెళ్లిన బ్లెన్‌హైమ్ విమానాల్లో 5 విమానాలు 110వ స్క్వాడ్రన్‌వి. ఆ స్క్వాడ్రన్ పేరులోనే "హైదరాబాద్" ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో దాని విమానాలకు డబ్బిచ్చింది నిజాం, అందుకని ఆ పేరు. ఆ రోజు 110 ఒక విమానాన్ని పోగొట్టుకుంది. వెనకే వెళ్లిన 107వ స్క్వాడ్రన్ అయిదింటిలో నాలుగు పోగొట్టుకుంది. అదే ఏడాది డిసెంబర్ 18న జర్మనీ తీరం దగ్గర ఉన్న హెలిగోలాండ్ దీవి వైపు పట్టపగలు వెళ్లిన 22 వెల్లింగ్టన్‌లలో 12 పోయాయి. ఇక పగలు మన వల్ల కాదనుకుని రాత్రికి మారారు.

రాత్రికి మారితే గురి పోయింది. 1941 ఆగస్టులో బట్ అనే అధికారి, బాంబులు వేసేటప్పుడు తీసిన ఫొటోలు పరిశీలించి నివేదిక ఇచ్చాడు. లక్ష్యాన్ని కొట్టామని చెప్పుకున్న విమానాల్లో మూడింట ఒక వంతే దానికి 5 మైళ్ల లోపు చేరాయట. ఊరికి ఊరే తప్పిపోతోందన్నమాట. తర్వాత రేడియో పరికరాలు, దారి చూపే పాత్‌ఫైండర్లు వచ్చాక బాగుపడింది. ఒక్కో కట్టడాన్ని కొట్టలేం కాబట్టి ఊరినే కొడదాం అన్న నిర్ణయం వెనక ఈ చీకటి కూడా ఉంది.

నేను వాయుసేనలో రాడార్ విభాగంలో చేసి రిటైరయ్యాను. ఈ యుద్ధంలో రాడార్ సంగతి వేరే రాస్తాను, అది పెద్ద కథ.

లింకన్‌షైర్ లక్ష్మి:
నేనుండేది ఆ బాంబర్ స్థావరాలు ఉన్న జిల్లాలోనే. ఇక్కడ ఈస్ట్ కర్క్‌బీ అనే పాత ఎయిర్‌ఫీల్డ్‌లో ఒక లాంకాస్టర్ ఉంది, అంటే ఆ దాడుల్లో ఏడుగురు సిబ్బందితో ఎగిరిన పెద్ద బ్రిటిష్ బాంబర్. ఎగరదు, కానీ నాలుగు ఇంజన్లూ నడుస్తాయి. డబ్బు కడితే ఎక్కించుకుని నేలమీద ఒక చుట్టు తిప్పుతారు. లోపలికెళ్లి చూశాక నాకు అర్థమైంది చెబుతాను.

బయటి నుంచి చూస్తే కొండంత ఉంటుంది. లోపల మనిషి తిరిగే చోటు లేదు. తలుపు తోక వైపు, కుడిపక్కన. అక్కణ్నుంచి ముందుకి నేల ఏటవాలుగా ఎక్కుతుంది. సరిగ్గా నడుమ రెండు రెక్కల్నీ కలిపే పెద్ద దూలం అడ్డంగా ఉంటుంది. దాని మీద బోర్లాపడి పాక్కుంటూ అవతలికి దిగాలి. పగటివేళ, నిలబడి ఉన్న విమానంలో, మామూలు బట్టల్లో నాకు మోకాలు కొట్టుకుంది. వాళ్లు బొచ్చు బూట్లు, మందపాటి కోటు, లైఫ్ జాకెట్, పారాచూట్ పట్టీలు అన్నీ వేసుకుని, చీకట్లో, విమానం గింగిరాలు తిరుగుతూ పడిపోతుంటే అదే దూలం దాటాలి.

ముందున్నవాళ్లు దూకడానికి నేల తలుపు ముక్కు భాగంలో ఉంది. బాంబులు గురిచూసేవాడు బోర్లా పడుకునే మెత్త కిందే ఆ తలుపు. వెడల్పు 22 అంగుళాలు. పైలట్ కూర్చునే పారాచూట్ మీదే కూర్చుంటాడు. మిగతావాళ్లవి ఛాతీకి తగిలించుకునే మూటలు, పక్కన అరల్లో ఉంటాయి. వెనక తుపాకీ గూట్లో కూర్చునే రియర్ గన్నర్ పరిస్థితి మరీ ఘోరం. ఆ గూట్లో మూటకి చోటు లేదు. గూడు బయట, విమానం లోపల తగిలించి రావాలి. దూకాలంటే తలుపులు తెరిచి, వెనక్కి తిరిగి, మూట అందుకుని, తగిలించుకోవాలి. ఆ మూట అప్పటికి కాలకుండా ఉంటే.

నిద్రపట్టనివాడు:
లక్ష్మి గారూ, చలి గురించి కూడా చెప్పండి. రియర్ గన్నర్లు గూటి అద్దం తీయించేసుకునేవాళ్లని ఎక్కడో చదివాను. నిజమేనా?

లింకన్‌షైర్ లక్ష్మి:
నిజమే. అద్దం కాదు, పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్. దాని మీద ఒక గీత పడినా, నూనె మరక పడినా రాత్రిపూట దూరంగా విమానంలా కనిపిస్తుంది. అందుకని కళ్లెదుటి పలకని చాలామంది పీకించేసేవాళ్లు. 20,000 అడుగుల ఎత్తున మైనస్ 40 దాకా పోయే చలిగాలి నేరుగా మొహానికి. కరెంటుతో వేడెక్కే సూట్లు ఇచ్చారు, అవి ఒక్కోసారి పనిచేయవు, ఒక్కోసారి ఒకచోట కాలుస్తాయి. ఆక్సిజన్ గొట్టంలో ఊపిరి తేమ గడ్డకట్టి మూసుకుపోతే మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది. అందుకే పైలట్ కొద్దిసేపటికోసారి ఇంటర్‌కామ్‌లో ఒక్కొక్కరినీ పిలిచి పలకరించేవాడు. ఎనిమిది గంటలు ఇలా. కునుకు రాకుండా బెంజెడ్రిన్ మాత్రలు.

పాత ఎయిర్‌మన్:
సరే, రాడార్ కథ. కొంచెం ఓపిగ్గా చదవండి.

జర్మన్లు సముద్రతీరం నుంచి లోపలికి ఆకాశాన్ని గడులుగా విడగొట్టారు. ఒక్కో గడికి రాడార్లు, కింద ఒక కంట్రోలర్, పైన ఒక రాత్రి ఫైటర్. ఒక రాడార్ బాంబర్ని పట్టుకుంటుంది, ఇంకోటి తమ ఫైటర్‌ని. కంట్రోలర్ రేడియోలో "ఎడమకి తిరుగు, ఇంకొంచెం పైకి" అంటూ వెనక్కి చేరుస్తాడు. బాంబర్లు విడివిడిగా, ఎవరికి తోచిన దారిలో వాళ్లు వస్తున్నంతకాలం ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా పనిచేసింది.

దాని బలహీనత ఏమిటంటే ఒక గడిలో ఒకసారికి ఒక ఫైటర్నే నడపగలరు. బ్రిటిష్ వాళ్లు అది కనిపెట్టి 1942 మే 30 రాత్రి కొలోన్ మీదికి వెయ్యికి పైగా విమానాలను ఒకే దారిలో, ఒకే ప్రవాహంలా, తక్కువ వ్యవధిలో పంపారు. ఒకటి చిక్కేలోపు పది దాటిపోతాయి. అయితే దీనికీ ఖరీదు ఉంది. దీపాలు ఆర్పేసిన వందల విమానాలు ఒకే దారిలో పోతుంటే ఒకదాన్నొకటి గుద్దుకునేవి. లక్ష్యం మీద పైనున్నవాడి బాంబు కిందున్నవాడి రెక్క మీద పడ్డ సందర్భాలూ ఉన్నాయి.

తర్వాత 1943 జులై 24 రాత్రి, హాంబర్గ్. అల్యూమినియం పూత ఉన్న కాగితం పట్టీలు కట్టలు కట్టలుగా విమానాల్లోంచి పారబోశారు. జర్మన్ రాడార్ తెరలన్నీ తెల్లబడిపోయాయి. 791 విమానాలు వెళ్తే 12 మాత్రమే పోయాయి. తమాషా ఏమిటంటే ఈ కిటుకు రెండు పక్షాలకీ ముందే తెలుసు. మనం వాడితే అవతలివాడు నేర్చుకుంటాడని ఇద్దరూ దాచుకుని కూర్చున్నారు.

ఆ సుఖం ఎన్నాళ్లో లేదు. గడులు పనికిరాకపోయేసరికి జర్మన్లు ఫైటర్లని వదిలేశారు: మీరే వెళ్లి ఆ ప్రవాహంలో కలవండి, దొరికినవాణ్ని కొట్టండి. ఆ పట్టీలకి మోసపోని కొత్త రకం రాడార్ని 1943 చివరికల్లా ఆ ఫైటర్లకే బిగించారు. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ దాడిలో ఇదంతా కలిసొచ్చింది వాళ్లకి. వెన్నెల ఉంది. ఉంటుందన్న మబ్బు లేదు. ఎప్పుడూ చాలా ఎత్తులో ఏర్పడే తెల్లటి ఆవిరి చారలు ఆ రాత్రి కిందనే ఏర్పడి, ఒక్కో బాంబర్ వెనకా వెన్నెల్లో గీత గీసినట్టు కనబడ్డాయి. పైగా 265 మైళ్లు మలుపన్నది లేని తిన్నటి దారి. 795 వెళ్తే 95 తిరిగి రాలేదు. బాంబర్ కమాండ్ ఒకే రాత్రి ఇంతకన్నా ఎక్కువ ఎప్పుడూ పోగొట్టుకోలేదు.

మానేరు:
అన్నా, వెనుక గన్నర్ ఉన్నడు, పైన ఒగడు ఉన్నడు. ఫైటర్ వస్తుంటె కనవడదా? కాల్చొద్దా మరి?

పాత ఎయిర్‌మన్:
గన్నర్ పని ప్రధానంగా కాల్చడం కాదు తమ్ముడూ, చూడటం. అతని నాలుగు తుపాకులు 7.7 మిల్లీమీటర్లవి. ఫైటర్‌వి 20 మిల్లీమీటర్ల ఫిరంగులు, అంతకన్నా దూరం నుంచి కొడతాయి. కాలిస్తే ఆ మంట చూసి ఇంకొకడొస్తాడు. అందుకని కనబడగానే "కార్క్‌స్క్రూ, ఎడమకి!" అని అరవడమే. పైలట్ ఆ వైపే ముక్కు దించి దూకిస్తాడు, మళ్లీ పైకి లేపి అటువైపు తిప్పుతాడు, మళ్లీ దించుతాడు. 25 టన్నుల పైచిలుకు బరువున్న బండితో ఆ విన్యాసం. ఫైటర్ గురి తప్పుతుంది, చీకట్లో మళ్లీ దొరకబుచ్చుకోవడం కష్టం. వెనక నుంచి వచ్చేవాడి విషయంలో ఇది చాలామందిని కాపాడింది.

వెనక నుంచి రాకపోతే?

1943 వేసవి నుంచి జర్మన్లు మెస్సర్‌ష్మిట్ 110, యుంకర్స్ 88 విమానాల వీపు మీద రెండు ఫిరంగులు బిగించారు, దాదాపు నిటారుగా, 60-70 డిగ్రీల కోణంలో పైకి చూస్తూ. పేరు ష్రేగ మ్యూజిక్. పైలట్ నెమ్మదిగా బాంబర్ కడుపు కిందికి చేరి, దాని వేగానికి తన వేగం కలిపి, తల పైకెత్తి చూస్తూ కాలుస్తాడు. కడుపులో బాంబులుంటాయి కాబట్టి అక్కడ కొడితే తానూ పోతాడు. అందుకని రెక్కలో, ఇంజన్ల మధ్యనున్న పెట్రోలు ట్యాంకుని కొడతాడు. వెలుగుతూ పోయే ట్రేసర్ గుళ్లు వాడడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. లాంకాస్టర్లలో చాలావాటికి కింది వైపు తుపాకీ లేదు, చూడటానికి చోటూ లేదు. ఆ చోట భూమిని చూసే రాడార్ గుమ్మటం పెట్టారు.

లెక్కల మాస్టారు:
నేను చెప్తానన్న జవాబు ఇక్కడికే వస్తుంది.

తర్వాతి కాలంలో గొప్ప భౌతిక శాస్త్రవేత్త అయిన ఫ్రీమన్ డైసన్ 1943లో, 19 ఏళ్ల వయసులో, బాంబర్ కమాండ్ లెక్కల విభాగంలో చేరాడు. పైవాళ్లు సిబ్బందికి చెప్పే మాట ఇది: "మొదటి కొన్ని ట్రిప్పులు జాగ్రత్తగా నెట్టుకొస్తే మీ బతుకు మీ చేతిలో ఉంటుంది." డైసన్ రికార్డులు తీసి లెక్కగట్టాడు. 1942 దాకా ఆ మాటలో కొంత నిజం ఉంది. 1944 వచ్చేసరికి లేదు. మొదటి ట్రిప్పువాడూ ఇరవయ్యైదో ట్రిప్పువాడూ ఒకే రేటున పోతున్నారు.

అంటే అనుభవం పనికొచ్చే రకం ప్రమాదం కాదు వాళ్లని చంపుతున్నది. అనుభవం అంటే ముప్పుని ముందుగా గుర్తుపట్టడం. కనబడని దాన్ని ఏం గుర్తుపడతారు? దెబ్బ తిన్నవాడు తిరిగొచ్చి చెబితేనే మిగతావాళ్లు నేర్చుకునేది. కింది నుంచి దెబ్బ తిన్నవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు చాలా తక్కువ. ఈ అంకెల వెనక ఏదో ఉందని అనిపించినా అది పైకి కాల్చే ఫిరంగి అని లెక్కల విభాగానికీ తట్టలేదు.

ఇంకా దారుణం ఒకటుంది. పక్కన ఎగురుతున్న బాంబర్ ఉన్నట్టుండి ఆకాశంలోనే భగ్గున పేలిపోవడం సిబ్బంది తరచూ చూసేవాళ్లు. ట్రేసర్ లేదు, ఫైటర్ లేదు. అవి నిజం విమానాలు కావనీ, మనల్ని బెదరగొట్టడానికి జర్మన్లు ప్రయోగించే ఉత్తుత్తి గుండ్లు అనీ నమ్మారు. వాటికి "స్కేర్‌క్రో" (దిష్టిబొమ్మ) అని పేరు కూడా పెట్టారు. యుద్ధం అయ్యాక వెతికితే అలాంటి గుండు జర్మన్ల దగ్గర ఎప్పుడూ లేదు. వాళ్లు చూసిన ప్రతి స్కేర్‌క్రో లోపల ఏడుగురు మనుషులున్నారు.

నిద్రపట్టనివాడు:
మాస్టారూ, లక్ష్మి గారు చెప్పిన ఆ 22 అంగుళాల తలుపు సంగతి ఎవరూ పట్టించుకోలేదా?

లెక్కల మాస్టారు:
పట్టించుకున్నది కూడా ఆ లెక్కల విభాగమే. కూలిన విమానాల్లోంచి ఎంతమంది బతికి బయటపడ్డారో లెక్క తీశారు. పగలు ఎగిరే అమెరికన్ బాంబర్లలో దాదాపు సగం మంది. హాలిఫాక్స్ అనే ఇంకో బ్రిటిష్ బాంబర్లో నూటికి 25. లాంకాస్టర్‌లో 15. హాలిఫాక్స్ తలుపు 24 అంగుళాలు, దీనిది 22. తేడాకి కారణం అదొక్కటే అనలేం, కానీ బొచ్చు కోటు, పారాచూట్ మూట వేసుకున్నవాడికి ఆ రెండంగుళాలు ప్రాణమే. డైసన్ సహోద్యోగి ఒకాయన దాన్ని వెడల్పు చేయించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అనుమతి వచ్చి, కొత్త తలుపు తయారయ్యేసరికి యుద్ధం దాదాపు అయిపోయింది. ఫైళ్లు కదలడం ఏ దేశంలోనైనా అంతే.

సాగరతీరం:
అందరూ బాగా రాస్తున్నారు కానీ నాకో ఇబ్బంది ఉంది. చెప్పకుండా ఉండలేను. మాది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా హార్బరు మీద బాంబులు వేశాయి, కాకినాడ మీదా వేశాయి. పడినవి కొద్దే. దానికే జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయారని ఇంట్లో పెద్దలు చెప్పేవాళ్లు. మరి హాంబర్గ్‌లో ఆ వారం రోజుల్లో చనిపోయింది 40,000 మందికి దగ్గర. అందులో పసిపిల్లలెందరో. మీరు చెబుతున్న ఆ ఏడుగురు కుర్రాళ్లు మోసుకెళ్లింది అదే కదా? తలుపు వెడల్పు గురించి ఇంత బాధపడుతున్న మనం కింద నేలమాళిగల్లో కాలిపోయినవాళ్ల గురించి ఒక్క ముక్క రాయలేదు.

పాత ఎయిర్‌మన్:
సాగరతీరం గారూ, యుద్ధం మొదలెట్టింది ఎవరు? రాటర్‌డామ్, కోవెంట్రీ ఎవరు కాల్చారు? ఆ కుర్రాళ్లకి ఊరు ఎంచుకునే హక్కు లేదు. ఆజ్ఞ వచ్చింది, వెళ్లారు.

సాగరతీరం:
ఆజ్ఞ అన్న మాట యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ యుద్ధ నేరాల కోర్టులో జర్మన్లూ అన్నారండీ. నేను ఆ కుర్రాళ్లని దోషులనడం లేదు. ఊరినే లక్ష్యం చేసుకున్నది పైవాళ్లు. ఆ సంగతి లేకుండా ఈ కథ సగమే అంటున్నాను.

లింకన్‌షైర్ లక్ష్మి:
ఇక్కడ కూడా ఈ గొడవ తెగలేదు. యుద్ధం గెలిచాక బాంబర్ సిబ్బంది ఊసెత్తడానికి ప్రభుత్వాలే మొహమాటపడ్డాయి. లండన్ గ్రీన్ పార్క్‌లో వాళ్ల స్మారకం ఆవిష్కరించింది 2012లో. అప్పటికి చాలామంది పోయారు. ఆ స్మారకం మీద, అన్ని దేశాల్లోనూ బాంబుల కింద చనిపోయినవాళ్లని కూడా తలుచుకుంటూ ఒక మాట చెక్కారు. నాకు మాత్రం రెండూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టంగా లేదు.

వేదిక నిర్వాహకుడు:
సాగరతీరం గారు, ఎయిర్‌మన్ గారు, ఇద్దరి మాటా విలువైనదే. నగరాల మీద దాడుల న్యాయాన్యాయాలకి విడిగా చర్చ తెరుస్తాను, అక్కడ కొనసాగించండి. ఇక్కడ సిబ్బంది ఎదుర్కొన్న ప్రమాదాల వరకే.

మానేరు:
లక్ష్మక్కా, ఇల్లు చేరినంక గూడ సచ్చిపోయిన్రంట కద? ఎట్ల?

లింకన్‌షైర్ లక్ష్మి:
పొగమంచు. 1943 డిసెంబర్ 16 రాత్రి బెర్లిన్ వెళ్లి వచ్చినవాళ్లకి తెల్లవారుజామున తూర్పు ఇంగ్లండ్ అంతా మంచు కప్పేసి కనిపించింది. శత్రువు చేతిలో పోయినవి 25. ఇంటికొచ్చి, దిగే చోటు కనబడక, పెట్రోలు అయిపోయి, కూలిపోయినవీ సిబ్బంది దూకి వదిలేసినవీ కలిపి దాదాపు 30. కొన్ని చోట్ల రన్‌వే పక్కన పైపులు వేసి పెట్రోలు మండించి మంచుని కరిగించేవాళ్లు. ఇక శిక్షణలోనే చనిపోయినవాళ్లు 5,000 పైన. వాళ్లు జర్మనీ మొహమే చూడలేదు.

పాత ఎయిర్‌మన్:
నిర్వాహకుడి మాట మన్నించి పరికరాల దగ్గరికే వస్తాను. మాస్టారు చెప్పిన "కనబడని ముప్పు"కి ఇంకో కోణం. వెనక ఫైటర్ వస్తే బీప్ కొట్టే "మోనికా" అనే చిన్న రాడార్ని బాంబర్ల తోకకి పెట్టారు. ప్రవాహంలో పక్కనున్న సొంత విమానాలకి కూడా అది బీప్ కొడుతూనే ఉండేది. అది చాలదన్నట్టు, ఆ సిగ్నల్‌ని పట్టుకుని నేరుగా దాని దగ్గరికే చేరే పరికరాన్ని జర్మన్లు తయారు చేశారు. కాపలాకి పెట్టినదే దొంగకి దారి చూపింది. బ్రిటిష్ వాళ్లకి ఇది ఎలా తెలిసిందంటే, 1944 జులై 13న ఒక యుంకర్స్ 88 దారి తప్పి, సొంత ఊరనుకుని ఇంగ్లండ్‌లోని వుడ్‌బ్రిడ్జ్‌లో దిగింది. విప్పి చూస్తే ఆ పరికరం ఉంది. వెంటనే మోనికాని పీకేశారు. అన్నాళ్లూ దాన్ని నమ్ముకుని ఆన్ చేసి ఎగిరినవాళ్ల సంగతి ఆలోచించండి. రాడార్ మనిషిగా నాకు ఈ అధ్యాయం చదివినప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది.

నిద్రపట్టనివాడు:
ఇంత తెలిశాక "నేను వెళ్లను" అన్నవాళ్లు లేరా?

లింకన్‌షైర్ లక్ష్మి:
ఉన్నారు, తక్కువే. అలాంటివాడి ఫైలు మీద "నైతిక స్థైర్యం లేదు" అని ముద్ర వేసి, హోదా తీసేసి, రాత్రికి రాత్రి స్థావరం నుంచి పంపించేసేవాళ్లు, మిగతావాళ్లకి అంటుకోకుండా. 20 ట్రిప్పులు చేసి చేతులు వణికినవాడికీ అదే ముద్ర పడొచ్చు. చాలామందిని ఆపింది మాత్రం ఆ భయం కాదనుకుంటాను, మిగతా ఆరుగురు. శిక్షణలో అందరినీ ఒక హ్యాంగర్‌లో వదిలేసి మీలో మీరే జట్లు కట్టుకోండి అనేవాళ్లు. అలా ఏరుకున్న జట్టుని వదిలి నేనొక్కణ్నే తప్పుకుంటానని ఎలా అంటారు?

మానేరు:
గింత దుఃఖమే చెప్తున్రు. బతికినోళ్ల ముచ్చట ఒక్కటన్న చెప్పున్రి.

లెక్కల మాస్టారు:
లెక్కకి అందని కేసు ఒకటి చెప్తాను. నికొలస్ ఆల్కెమేడ్, రియర్ గన్నర్. 1944 మార్చి 24 రాత్రి బెర్లిన్ దాడిలో విమానం అంటుకుంది. లక్ష్మి గారు చెప్పినట్టే మూట కోసం తలుపు తీశాడు. అది కాలిపోతోంది. కాలి చావడం కన్నా పడి చావడం మేలనుకుని 18,000 అడుగుల పైనుంచి పారాచూట్ లేకుండా దూకేశాడు. పైన్ లాంటి చెట్ల కొమ్మలు, కింద మెత్తటి మంచు. కాలు బెణికింది, అంతే. జర్మన్లు పట్టుకుని పారాచూట్ ఎక్కడ పాతిపెట్టావని గద్దించారు. లేదంటే గూఢచారి అనుకున్నారు. కూలిన విమానంలో కాలిన మూట అవశేషాలు దొరికాక నమ్మారు.

పాత ఎయిర్‌మన్:
లెనర్డ్ ఛెషైర్‌ని మర్చిపోతే ఎలా? 100 దాడులు చేసి బతికాడు, బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. యుద్ధం అయ్యాక వికలాంగుల కోసం ఆశ్రమాలు పెట్టాడు. మన దేశంలో పలుచోట్ల ఉన్న ఛెషైర్ హోమ్‌లు ఆయన పేరు మీదే. ఆ గేటు ముందు నుంచి రోజూ పోయేవాళ్లలో ఎంతమందికి ఆయన బాంబర్ పైలట్ అని తెలుసో.

సాగరతీరం:
ఆ సంగతి నాకు తెలియదు. థాంక్స్ ఎయిర్‌మన్ గారూ. కొత్త చర్చలో కలుద్దాం, అక్కడ మాత్రం ఊరుకోను.

నిద్రపట్టనివాడు:
నా ప్రశ్నకి జవాబు దొరికింది, అందరికీ ధన్యవాదాలు. లక్ష్మి గారూ, వేసవిలో మా అమ్మాయి దగ్గరికి లండన్ వస్తున్నాం. ఈస్ట్ కర్క్‌బీకి ఎలా రావాలి?

లింకన్‌షైర్ లక్ష్మి:
లింకన్ దాకా రైలుంది, అక్కణ్నుంచి కారు తప్పదు. లోపలికి ఎక్కాలంటే ముందే బుక్ చేసుకోండి, చోట్లు తొందరగా అయిపోతాయి. మీ ఆవిడ కూడా ఎక్కుతానంటే చీర మాత్రం వద్దని చెప్పండి, ఆ దూలం దాటలేరు.